ముల్లుకర్రకు డయల్ బిగిస్తే

(తిరుపతిలో ఇంజినీరింగ్ విద్యార్థుల సభలో ఒక విశ్రాంత వాహన పరీక్షల ఇంజినీరు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. మాట తీరు మార్చలేదు. ఒకటికి రెండుసార్లు వచ్చిన మాటలు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం దూరంగా జరుపు నాయనా, నాది ముందే పెద్ద గొంతు. ముప్పై ఏండ్లు ఇంజిన్ల పక్కన నిలబడి అరిచి అరిచి, మెల్లగా మాట్లాడేది మర్చిపోయినాను.

మీ సార్లు ఈ ప్రసంగానికి పెట్టిన పేరు బ్యానర్ మీద రెండు వరుసలు పట్టింది. సైనిక భూతల వాహనాలు, డిజిటల్ మోడలింగ్, డేటా. దాంట్లో నాకు నచ్చిన మాట "భూతల". వాహనం గురించి మాట్లాడేవాళ్లు వెయ్యిమంది దొరుకుతారు. అది తిరిగే నేల గురించి మాట్లాడేవాళ్లు పదిమంది కూడా ఉండరు. అందుకే నేను ఈ పొద్దు ఎక్కువసేపు మట్టి దగ్గరే ఉంటాను. కంప్యూటర్ దగ్గరికి రావడం ఆలస్యమైతే ఏమీ అనుకోవద్దు.

మాది చంద్రగిరి పక్కన పల్లె. చెరువు కింద మూడెకరాల మడి. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా నాయన మొదటిసారి బాడుగకు ట్రాక్టర్ పిలిపించినాడు. అప్పటిదాకా ఎద్దులతోనే సేద్యం. ట్రాక్టర్ గట్టు దిగకముందే మా నాయన మడిలో దిగి, చేతిలో ముల్లుకర్రతో నాలుగు చోట్ల గుచ్చి చూసినాడు. ముల్లుకర్ర అంటే ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. ఆరుగురు... పర్వాలేదు. ఎద్దులను అదిలించే కర్ర, కొసన ఇనుప ముల్లు ఉంటుంది. పడమటి మూల గుచ్చి తీసి, "ఈ పక్కకు తేవద్దప్పా, దిగిపోతుంది" అన్నాడు. డ్రైవర్ నవ్వి, "ముప్పై అయిదు గుర్రాల బండి సామీ, నీ ఎద్దులనుకుంటివా" అన్నాడు. అర్ధగంట కాకముందే ఆ మూలలోనే ఇరుసు దాకా దిగింది. బయటికి లాగడానికి ఇంకో ట్రాక్టరు, రెండు జతల ఎద్దులు, ఒక పూట పని.

చాలా ఏండ్ల తర్వాత ఉద్యోగంలో నా చేతికి ఒక పరికరం ఇచ్చినారు. సన్నని ఇనుప కడ్డీ. కొసన 30 డిగ్రీల శంకువు, దాని అడుగు వైశాల్యం అర చదరపు అంగుళం. పైన పిడి, పిడి కింద ఎంత బలంతో నొక్కుతున్నామో చూపించే డయల్. దీన్ని కోన్ పెనెట్రోమీటర్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో బురదతో పడిన పాట్లు చూసిన అమెరికా సైన్యపు ఇంజినీర్లు, మిసిసిపీ రాష్ట్రంలో విక్స్‌బర్గ్ అనే ఊళ్లో ఉన్న ప్రయోగ కేంద్రంలో ఈ పద్ధతిని ఒక దారికి తెచ్చినారు. నాకైతే చూడగానే నవ్వొచ్చింది. మా నాయన ముల్లుకర్రకు డయల్ బిగించినారు, అంతే!

(నవ్వులు)

నవ్వితే నవ్వినాం గానీ, ఆ డయల్ తక్కువది కాదు. మా నాయన చేతికి తెలిసింది మా నాయన చేతిలోనే ఉండిపోయింది. ఆ డ్రైవర్‌కు కూడా ఎక్కలేదు. డయల్ మీద అంకె వచ్చిందంటే దాన్ని కాగితం మీద రాసి, మడి చూడనివాడికి కూడా పంపొచ్చు. వెయ్యి చోట్ల కొలిచి పటం గీయొచ్చు. మీరు మోడల్ అంటున్నది, అంటే నేలనూ బండినీ లెక్కగా మార్చడం, అక్కడే పుడుతుంది. కంప్యూటర్ రాకముందే పుట్టింది.

ఆ పద్ధతి ఎట్లా పనిచేస్తుందో చెబుతాను. నేలకు ఒక అంకె, బండికి ఒక అంకె. నేల అంకె పెద్దదైతే బండి పోతుంది, చిన్నదైతే దిగబడుతుంది. బండి అంకెను దాని బరువు, చక్రాల వెడల్పు, ఇంజిన్ శక్తి, అడుగుభాగం నేలకు ఎంత ఎత్తులో ఉంది, ఇట్లాంటివన్నీ కలిపి లెక్కకడతారు. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. బండికి ఒక అంకె కాదు, రెండు. ఒకే ఒక్క బండి ఒకసారి దాటిపోవడానికి ఎంత గట్టి నేల కావాలి అనేది ఒకటి. అదే జాడలో యాభై బండ్లు వరుసగా పోవాలంటే ఎంత గట్టి నేల కావాలి అనేది రెండోది. ఎందుకు తేడా? మడి దున్నినవాళ్లకు చెప్పాల్సిన పనిలేదు. తడి బంకమన్నును తొక్కేకొద్దీ అది మెత్తబడుతుంది. మనం నాట్లకు ముందు దమ్ము చేసేది అందుకే కదా. మొదటి లారీ దర్జాగా దాటుతుంది. పదోది జారుతుంది. ముప్పయ్యోది మునుగుతుంది. సైన్యం ఎప్పుడూ ఒంటరి బండి మీద పోదు. కాబట్టి నేల అంకెను కొలిచేటప్పుడు మట్టిని ఒక గొట్టంలో పోసి, బరువుతో వందసార్లు దంచి, దంచక ముందు ఎంత గట్టి, దంచినాక ఎంత గట్టి అని నిష్పత్తి తీసి, దానితో హెచ్చవేస్తారు. రోట్లో దంచి చూసినట్టే.

ఇంకొక పెద్దాయన గురించి చెప్పాలి. మియచిస్లావ్ బెకర్. పోలెండులో పుట్టి, కెనడా మీదుగా అమెరికా చేరిన ఇంజినీరు. నేల మీద వాహనం కదిలే తీరుకు శాస్త్రం రాసినవాడు. ఆయన మొదటి పెద్ద గ్రంథం 1956లో వచ్చింది. డెట్రాయిట్ దగ్గర అమెరికా సైన్యానికి ఒక ప్రయోగశాల నెలకొల్పినాడు. ముల్లుతో గుచ్చితే సరిపోదు, బండి నేలను రెండు రకాలుగా హింసిస్తుంది అన్నాడాయన. ఒకటి కిందికి అణచడం, రెండు వెనక్కి నెట్టడం. అందుకని పళ్లెం లాంటి రేకుతో నొక్కి ఎంత లోతు దిగుతుందో కొలిచినాడు, ఇంకో ఉంగరాన్ని తిప్పి మట్టి ఎక్కడ తెగుతుందో కొలిచినాడు. ఆ కొలతలతో గీసిన రెండు గీతలు చేతిలో ఉంటే, బండి ఎంత దిగుతుంది, ముందుకు లాగే బలం ఎంత మిగులుతుంది అని లెక్క వేయొచ్చు. ఇదే పెద్దమనిషి తర్వాత చంద్రుడి మీద నడిచిన బండి పనిలో కూడా ఉన్నాడు. 1971లో అపోలో 15 వాళ్లు తోలినారే, అల్లిన తీగ చక్రాల బండి, అది. అక్కడికి పోయి మట్టి గుచ్చి చూసొచ్చి బండి చేయలేరు కదా, లెక్కే దిక్కు.

మీకొక చిన్న లెక్క. నిలబడిన కారు టైరు నేలను ఎంత గట్టిగా నొక్కుతుంది? దాదాపు దాంట్లో ఉన్న గాలి ఒత్తిడంత. అంటే చదరపు సెంటీమీటరుకు రెండు కిలోల పైన. మన అర్జున్ ట్యాంకు, మొదటి రకం, 58.5 టన్నులు. అది నొక్కేది కిలో కూడా లేదు. బరువంతా రెండు పొడుగాటి గొలుసు పట్టాల మీద పరుచుకుంటుంది. మీరు అరవై కిలోల మనిషై ఒంటికాలి మీద నిలబడితే అరకిలో దగ్గరికొస్తారు. అందుకే కారు కూరుకుపోయిన చోట ట్యాంకు పోతుంది, ట్యాంకు కూరుకుపోయిన చోట మనిషి నడుస్తాడు. అయితే ఇది సగటు లెక్క. నిజానికి పట్టా కింద ఒత్తిడి సమానంగా ఉండదు, లోపల ఉన్న ఒక్కో చక్రం కిందా గుట్టలాగా లేస్తుంది. సగటును నమ్ముకున్నవాడికి బురదలో పాఠం దొరుకుతుంది.

1965 సెప్టెంబరులో పంజాబ్‌లో ఖేమ్‌కరణ్ పక్కన అసల్ ఉత్తర్ యుద్ధం జరిగింది. పాకిస్తాన్ పాటన్ ట్యాంకులు ఆ కాలానికి గొప్పవి. మనవాళ్లు పొలాలకు నీళ్లు వదిలి నేలను నానబెట్టినారు. చెరకు తోటల్లోకి వచ్చిన ట్యాంకులు బురదలో నడక తగ్గి, కొన్ని కదలలేక నిలిచిపోయి, మన ఫిరంగులకు దొరికినాయి. పట్టుకున్నవాటిని వరుసగా నిలబెట్టిన చోటికి పాటన్ నగర్ అని పేరొచ్చింది. పాటన్ బాగాలేని ట్యాంకు కాదు. కానీ ఆ నేలకు, ఆ రోజు తడికి అది ఎంత నడుస్తుంది అన్న అంకె తోలినవాళ్ల దగ్గర లేదు. ఒకవేళ ఉన్నా, ముందురోజు అంకె అయ్యుంటుంది.

ఇంక కంప్యూటర్ దగ్గరికి వద్దాం, చూస్తుంటే వెనక బెంచీలో ఇద్దరు గడియారం చూసుకుంటున్నారు.

1970లలో ఈ లెక్కలన్నీ కట్టగట్టి ఒక పెద్ద ప్రోగ్రామ్ చేసినారు. నాటో సైనిక కూటమి దాన్నే కొలబద్దగా తీసుకుంది. నాటో రిఫరెన్స్ మొబిలిటీ మోడల్ అని పేరు. పటాన్ని చిన్న చిన్న ముక్కలు చేస్తుంది. ఒక్కో ముక్కకు మట్టి, వాలు, చెట్లు, గుంతలు, వాగులు ఎక్కిస్తారు. ఈ బండి ఈ ముక్కలో పోతుందా, పోతే ఎంత వేగంతో పోతుంది అని జవాబు ఇస్తుంది. వేగాన్ని ఆపేది ఏది అని అది ఒక్కొక్కటే వెతుకుతుంది. ఇంజిన్ శక్తా, నేల పట్టా, బ్రేకా, చెట్టు అడ్డమా, కనుచూపు దూరమా. వీటన్నిటి మధ్య ఇంకొకటుంది. డ్రైవర్ నడుము.

నిజంగానే. ఎగుడుదిగుడు నేల మీద బండి ఎగిరేటప్పుడు సీటులోంచి డ్రైవర్ ఒంట్లోకి కొంత శక్తి దిగుతుంది. 1960లలో మనుషులను వణికే కుర్చీల్లో కూర్చోబెట్టి ప్రయోగాలు చేసినారు. ఆ పనిలోంచి వచ్చిన హద్దు, 6 వాట్లు. అంతకు మించితే డ్రైవర్ తనంతట తానే కాలు తీసేస్తాడు, వేగం తగ్గిస్తాడు. 6 వాట్లు అంటే మీ ఇంటి వసారాలో చిన్న ఎల్‌ఈడీ బల్బు. వేయి గుర్రాల ఇంజిన్‌ను ఆ బల్బంత కుదుపు ఆపేస్తుంది! గట్టుకు తగిలినప్పుడు వచ్చే ఒంటి దెబ్బకు ఇంకో హద్దు, సీటు దగ్గర భూమ్యాకర్షణకు రెండున్నర రెట్లు. కాబట్టి ఎగుడుదిగుడు నేల మీద బండి వేగం పెంచాలంటే చాలాసార్లు ఇంజిన్ కాదు మార్చాల్సింది, సస్పెన్షన్, అంటే చక్రాలకూ బండికీ మధ్య కుదుపు మింగే స్ప్రింగులు. ఈ మాట నేను చెప్పినప్పుడల్లా ఇంజిన్ డిపార్ట్‌మెంట్ వాళ్లు మొహం మాడ్చుకునేవాళ్లు.

మనిషిని లెక్కలో పెట్టకపోతే ఏమవుతుందో బ్రిటన్ వాళ్లు చూసినారు. ఏజాక్స్ అనే గొలుసు పట్టాల సైనిక బండ్లు, 589 కావాలని 2014లో ఒప్పందం. ట్రయల్స్‌లో లోపల కూర్చున్న సైనికులకు మోత, వణుకు తట్టుకోలేక చెవులు, కీళ్లు దెబ్బతిన్నాయి. 2020 చివర ఒకసారి, 2021లో మరోసారి ట్రయల్స్ ఆపాల్సి వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో ప్రభుత్వమే నివేదిక బయటపెట్టింది. తుపాకీ, కవచం, రేడియోలు అన్నిటికీ కంప్యూటర్ మోడళ్లున్న కాలంలో చేసిన బండి అది. వణుకు కొత్త విషయం కాదు, 6 వాట్ల లెక్క అప్పటికి యాభై ఏండ్ల పాతది.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఎక్కడ, ఎవరు అని అడగొద్దు. సైన్యానికి పోయే ఒక లారీని పరీక్షిస్తున్నాం. వెనక కమాను పట్టీలు విరుగుతున్నాయి. మోడల్ చేసినాం. ఛాసిస్, ఇరుసులు, పట్టీలు, షాకబ్జార్బర్లు, టైర్లు, అన్నిటినీ వేరువేరు ముక్కలుగా పెట్టి, కీళ్లతో, స్ప్రింగులతో కలిపి, రోడ్డు మీద తోలించడం. మల్టీబాడీ మోడల్ అంటారు, మీ సిలబస్‌లో ఉంది. మోడల్ ఏం చెప్పిందంటే, విరిగితే కుడి ఎడమ ఒకే తీరుగా విరగాలి. బయట చూస్తే ఎప్పుడూ ఎడమదే పోతున్నది. లోడు ఎడమకు ఎక్కువుందేమోనని తూకం వేసినాం, లేదు. పట్టీల ఉక్కు పరీక్షకు పంపినాం, బాగుంది. మూడు వారాలు తల పట్టుకున్నాం.

పీలేరు పక్కనుంచి వచ్చిన డ్రైవర్ ఒకాయన టీ తాగుతా అన్నాడు, "సార్, మీ కంప్యూటర్ రోడ్డు మీద ఎదురుగా బస్సు వస్తుందా?" అని. ఏందన్నా ఆ మాట అంటే చెప్పినాడు. మన సింగిల్ రోడ్డు మీద ఎదురుగా బండి వస్తే ఏం చేస్తాం? ఎడమ చక్రాలు తారు దించి, మట్టి మీదకు పోయి, మళ్లీ తారెక్కుతాం. ఆ తారు అంచు జానెడు తెగి ఉంటుంది. రోజుకు నూరుసార్లు ఎడమ పక్కే దిగేది, ఎడమ పక్కే ఎక్కేది. కుడి చక్రం ఎప్పుడూ నున్నటి తారు మీదే. మా మోడల్‌లో రోడ్డు మాత్రం ఒక పక్క కొలిచి రెండు పక్కలా అతికించిన రోడ్డు. దాని మీద ఎదురుబస్సు లేదు, తారు అంచు లేదు. ఆ అంచు కొలిచి ఎక్కించినాక, మోడల్ మొదటి పరుగులోనే ఎడమ పట్టీ విరగ్గొట్టి చూపించింది. ఆ డ్రైవర్ పేరు రిపోర్టులో రాయలేదు. నాకు ఈనాటికీ మనసులో ఉంది.

మోడల్ అబద్ధం చెప్పదు నాయనా. మనం చెప్పనిది చెప్పదు, అంతే. దాని నోరు మన చేతిలో ఉంది.

ఇప్పుడు పాత నాటో మోడల్‌కు కొత్త తరం వచ్చింది. పాతది ఎక్కువగా పరీక్షల్లో దొరికిన అంకెల మీద నిలబడిన లెక్క. అప్పట్లో ఉన్న బండ్లతో కొలిచి గీసిన గీతలు. రబ్బరు పట్టాల బండి, మనిషి లేని చిన్న బండి వస్తే ఆ గీతలు చెల్లవు. కొత్తది భౌతికశాస్త్రం నుంచి మొదలవుతుంది. 2018 సెప్టెంబరులో అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో కీవెనా పరిశోధన కేంద్రంలో పలు దేశాలవాళ్లు కూడి, ఒకే బండిని నిజం నేల మీద తోలి, వేరువేరు సాఫ్ట్‌వేర్లతో వచ్చిన జవాబులను పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. నాకు నచ్చిన పని అది. పేపర్లు చదివి చప్పట్లు కొట్టుకోవడం కాకుండా, నేల ముందర పరీక్ష రాసినారు.

ఈ కొత్త పద్ధతుల్లో ఒకటి ఇసుకను రేణువు రేణువుగా లెక్కవేయడం. ఒక్కో రేణువు పక్కదాన్ని ఎంత తోస్తుంది, ఎంత రాసుకుంటుంది అని. వినడానికి ముచ్చటగా ఉంటుంది. మన స్వర్ణముఖి ఇసుక ఒక లీటరు తీసుకోండి. రేణువు అర మిల్లీమీటరు అనుకుంటే అందులో 90 లక్షల దాకా ఉంటాయి. ఒక టైరు కింద కొన్ని వందల లీటర్ల ఇసుక కదులుతుంది. మామూలు కంప్యూటర్లు మోయలేవు. అందుకని రేణువులను గోలీకాయలంత పెద్దవి చేస్తారు. చేసినాక అవి నిజం ఇసుకలాగా నడవాలి కాబట్టి, రాపిడిని అటూ ఇటూ సవరిస్తారు. దేనితో పోల్చి సవరిస్తారు? మళ్లీ పళ్లెంతో నొక్కి కొలిచిన ఆ బెకర్ గీతతోనే! ఎంత దూరం పోయినా ముల్లుకర్ర వదలదు.

నేల అంకె రోజూ మారుతుందని కూడా మర్చిపోవద్దు. 2021 నవంబరు వానలు మీకు గుర్తుంటాయి, తిరుపతి వీధుల్లో పడవలు కావాల్సి వచ్చిన రోజులు, రాయలచెరువు కట్ట గురించి ఊళ్లు ఖాళీ చేయించిన రోజులు. ఆ వారం ముందు లారీ పోయిన పొలంలో ఆ వారం మనిషి కూడా పోలేకపోయినాడు. ఇప్పుడు ఉపగ్రహాల నుంచి నేల తడి అంచనాలు వస్తున్నాయి, వాన లెక్కలున్నాయి. వాటిని మోడల్‌కు కలిపితే "ఈ దారి రేపు సాయంత్రానికి ఆరుతుందా" అని అడగొచ్చు. యుద్ధానికే కాదు, వరదలో మందులు, అన్నం పంపేవాడికి కూడా అదే ప్రశ్న.

బోల్తా గురించి రెండు మాటలు. వెనకటి యాత్రికుల జీపులు చూసినారా, పైన క్యారియర్ మీద మూటలు, వంట పాత్రలు, ఒక్కోసారి మనుషులు. ఘాట్ మలుపులో అది వాలినప్పుడు మన గుండె జారేది. సైనిక బండికి కవచం ఎక్కిస్తే జరిగేది అదే. చక్రాల మధ్య వెడల్పు రెండు మీటర్లు, బరువు కేంద్రం 1.3 మీటర్ల ఎత్తులో ఉంటే, సుమారు 37.5 డిగ్రీల వాలు దాకా బండి నిలుస్తుంది. కవచం, తుపాకీ గూడు పైకెక్కించి ఆ కేంద్రాన్ని 1.6 మీటర్లకు లేపితే 32కు దిగుతుంది. ఇది కదలని బండి లెక్క. మలుపు, గుంత, స్ప్రింగుల ఊగు కలిస్తే ఇంకా తక్కువ. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2021లో ఒక నివేదిక ఇచ్చింది. 2010 నుంచి 2019 దాకా ఆర్మీ, మెరైన్ల వాహనాలకు యుద్ధంతో సంబంధం లేకుండా 3,753 ప్రమాదాలు జరిగినాయి, 123 మంది సైనికులు పోయినారు. పోయినవాళ్లలో ఎక్కువమంది బోల్తాల్లోనే. కారణాల్లో డ్రైవర్ శిక్షణ చాలకపోవడం, పైవాళ్ల పర్యవేక్షణ లేకపోవడం ముందున్నాయి. సిమ్యులేటర్‌లో, అంటే కంప్యూటర్‌తో నడిచే ఉత్తుత్తి బండిలో, వందసార్లు బోల్తా కొట్టించి నేర్పొచ్చు, ఎవరికీ గీత పడదు. నా మటుకు నాకు, ఈ మొత్తం విద్యలో ఎక్కువ ప్రాణాలు కాపాడేది ఆ సిమ్యులేటర్ కుర్చీనే.

మందుపాతర పేలుడు లెక్కలు క్షుణ్ణంగా చెప్పే వేళ లేదు. నాటో ప్రమాణంలో మెట్లున్నాయి. రెండో మెట్టుకు 6 కిలోలు, మూడుకు 8, నాలుగుకు 10 కిలోల పేలుడు పదార్థం, చక్రం కింద ఒకటి, పొట్ట కింద ఒకటి. కొన్ని మిల్లీసెకండ్లలో అంతా అయిపోతుంది. ఒక్కో నిజం పరీక్షకు ఒక బండి బలి. అందుకని వందల డిజైన్లను కంప్యూటర్లో పేల్చి, మిగిలిన ఒకటి రెండింటిని నేల మీద పేలుస్తారు. ఇక్కడ కూడా మట్టే. తడిసిన మట్టిలో పాతిపెట్టిన మందు, పొడిమట్టిలో కంటే బండిని ఎక్కువ బలంగా తంతుంది. మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో తయారైన, మందుపాతరను తట్టుకునే ఆదిత్య బండ్ల అడుగు V ఆకారంలో ఎందుకుంటుంది అంటే, ఆ తన్నును రెండు పక్కలకు జారవిడవడానికి.

డేటా. ఈ మాట వినగానే అందరికీ సెన్సర్లు గుర్తొస్తాయి. ఇప్పటి లారీలో ఇంజిన్, గేరుబాక్సు, బ్రేకులు ఒకే వైరు మీద మాట్లాడుకుంటాయి. సెకనుకు వందల మాటలు. అన్నీ పట్టి దాచొచ్చు. నేను దానికి వ్యతిరేకిని కాదు. ఒకసారి మేము చక్రాల బేరింగులు ముందే పోతున్నాయని రికార్డులు తవ్వినాము. కిలోమీటర్లు, తేదీలు, బండి నంబరు, అన్నీ ఉన్నాయి. "కారణం" అనే గడిలో చాలా పేజీలు ఒకటే మాట, "ఇతరములు". కిలోమీటర్లతో పోల్చితే ఏ పోలికా దొరకలేదు. వర్క్‌షాపులో ఒక హవల్దార్ దగ్గర సొంత నోటుబుక్కు ఉంది. నూనె మరకల మధ్య పెన్సిలుతో రాసుకున్నది. కొన్ని బండ్ల ఎదురుగా "నీళ్లలో దిగింది" అని ఉంది. వాగు దాటే శిక్షణకు పోయొచ్చిన బండ్లు అవి. సీలు దాటి నీళ్లు గ్రీజులో చేరినాయి, కొన్ని వారాలకు బేరింగు తుప్పుపట్టింది. కిలోమీటర్లు లెక్కబెట్టే మోడల్‌కు నీళ్లు ఎట్లా తెలుస్తాయి? ఆ నోటుబుక్కును టైపు చేయించి డేటాబేసులో ఎక్కించిన మూడు రోజులు, నా సర్వీసులో బాగా పనికొచ్చిన మూడు రోజులు. ఫారంలో "ఇతరములు" అనే గడి తీసేయమని కూడా రాసినాను. తీయలేదనుకోండి.

(నవ్వులు)

ఇంకో లెక్క మన కొండ మీద నుంచే తీసుకుందాం. తిరుమల, తిరుపతి కంటే సుమారు 700 మీటర్లు ఎత్తు. జనంతో 15 టన్నుల బస్సు కొండ దిగితే, ఆ ఎత్తులో దాగిన శక్తి దాదాపు 28.5 యూనిట్ల కరెంటు. మామూలు బస్సులో అదంతా వేడి అయిపోతుంది. బ్రేకు డ్రమ్ముల్లో కొంత, ఇంజిన్‌లో కొంత. 2022 నుంచి కొండకు తిరుగుతున్న ఎలక్ట్రిక్ బస్సుల్లో కొంత భాగం తిరిగి బ్యాటరీకి పోతుంది. ఎంత పోతుంది? అది బ్యాటరీ చెప్పదు, దారి చెబుతుంది. ఏ మలుపులో ఎంత వేగం, ఎక్కడ ఆగింది, పైకి పోయేటప్పుడే బ్యాటరీ నిండుగా ఉంటే దిగేటప్పుడు దాచే చోటే ఉండదు. సైనిక బండికి హైబ్రిడ్, అంటే ఇంజిన్‌తో పాటు బ్యాటరీ మోటారు కూడా, పెట్టాలంటే ముందు అడగాల్సింది కూడా అదే, అది ఏ దారిలో, రోజుకు ఎన్నిసార్లు, ఎంతసేపు ఊరికే నిలబడి రేడియోలు నడుపుతుంది అని.

మోడల్‌ను మనం అడగని ప్రశ్నకు ఒక ఉదాహరణ చెప్పి ముగించే దగ్గరికి వస్తాను. అమెరికా ఆర్మీ ఎం10 బుకర్ అనే బండి చేయించుకుంది, తేలిగ్గా ఉండాలని. చివరికి 38 టన్నులైంది. అది పోవాల్సిన ఫోర్ట్ క్యాంప్‌బెల్ స్థావరంలో 11 వంతెనలుంటే, దాని బరువుకు 8 పగులుతాయని తర్వాత బయటపడింది. 2025లో కార్యక్రమాన్నే ఆపేసినారు. ఒక్క వంతెనల సంగతికే ఆపలేదు, వేరే కారణాలూ ఉన్నాయి. కానీ వంతెన మీద రాసుంటుంది కదా బరువు ఎంత అని! మన ఎద్దులబండి తోలేవాడు కూడా కల్వర్టు దగ్గర దిగి చూస్తాడు.

మన దగ్గర? సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై పోయేటప్పుడు తిరువళ్లూరు దాటినాక ఆవడి వస్తుంది. ట్యాంకుల ఫ్యాక్టరీ, అర్జున్‌ను రూపొందించిన సీవీఆర్‌డీఈ ప్రయోగశాల అక్కడే. వాళ్లు ఎల్ అండ్ టీతో కలిసి జొరావర్ అనే 25 టన్నుల తేలికపాటి ట్యాంకు చేసినారు, లడఖ్ కోసం. 2024 సెప్టెంబరులో ఎడారిలో తోలినారు, డిసెంబరులో 4,200 మీటర్లకు పైన కాల్చి చూసినారు. ఆ ఎత్తులో గాలి మన తిరుపతి గాలిలో మూడింట రెండు వంతులకు కొంచెం తక్కువ. ఇంజిన్‌కు ఊపిరాడదు, చలికి నూనె చిక్కబడుతుంది. ఎడారి వేడికీ, లడఖ్ చలికీ ఒకే బండి. ప్రతి మార్పుకూ ట్యాంకును కొండెక్కించి దించే బదులు ముందు కంప్యూటర్లో ఎక్కించి దించేది అందుకే.

ఇంక మీరు అడగండి.

(ఒక విద్యార్థి: సార్, ఏఐ వచ్చినాక ఈ భౌతికశాస్త్రం మోడళ్లు అవసరం ఉంటుందా?)

మంచి ప్రశ్న. ఇప్పుడు ఇట్లా చేస్తున్నారు. నెమ్మదిగా నడిచే పెద్ద మోడల్‌ను కొన్ని వేలసార్లు నడిపి, ఆ జవాబులతో ఒక న్యూరల్ నెట్‌వర్క్‌కు, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రామ్‌కు, నేర్పిస్తారు. అది రెప్పపాటులో జవాబిస్తుంది. పటం మొత్తానికి వేగాలు గీయాలంటే అదే దిక్కు. కానీ అది చూడని మట్టి మీద కూడా అంతే ధైర్యంగా జవాబిస్తుంది. ఆ ట్రాక్టర్ డ్రైవర్‌లాగా. అందుకని, నేర్పిన మట్టి ఏది, అడిగిన మట్టి ఏది అని పక్కన ఒకరు చూస్తూ ఉండాలి.

(ఒక విద్యార్థిని: సార్, మాకు రక్షణ రంగంలో ఎవరూ తెలియదు. ఇక్కడి నుంచే ఏమైనా మొదలుపెట్టొచ్చా?)

మొదలుపెట్టొచ్చమ్మా. నేను చెప్పిన సూత్రాలు ఏవీ రహస్యాలు కాదు, యాభై అరవై ఏండ్లుగా అచ్చులో ఉన్నాయి. ప్రాజెక్ట్ క్రోనో అని విస్కాన్సిన్, పార్మా విశ్వవిద్యాలయాలవాళ్ల సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం, మెత్తటి నేల మీద బండి తోలొచ్చు. మీ ఫోన్‌లో కుదుపు కొలిచే సెన్సర్ ఉంది. శ్రీకాళహస్తి బస్సులో ముందు సీటులో ఒకసారి, చివరి సీటులో ఒకసారి పెట్టి రికార్డు చేయండి. ఫోన్‌ను ఒడిలో పెట్టుకోవద్దు, మీ ఒళ్లే స్ప్రింగవుతుంది. సీటు ఇనుప చట్రానికి గట్టిగా కట్టండి. కండక్టర్‌కు ముందే చెప్పి కట్టండి.

(మరో విద్యార్థి: సార్, మడిలో ట్రాక్టర్‌కు కేజ్ వీల్స్, బోను లాంటి ఇనుప చక్రాలు, కడతారు కదా. వాటికి మోడల్ ఉందా?)

ఎవరి ఊరు నాయనా నీది? పుత్తూరా. సంతోషం. కేజ్ వీల్ కష్టం. టైరు లాగా నేలను నొక్కదు, కోస్తుంది. నీళ్లు, బురద కలిసి పారుతుంటాయి, మధ్యలో పట్టీలకు మట్టి అంటుకుని చక్రమే నిండిపోతుంది. అది నిండినాక వేరే చక్రం కింద లెక్క. గుచ్చి కొలిచే అంకె ఆ బురదలో పనికిరాదు, అడుగున ఉన్న గట్టిపొర ఎంత లోతులో ఉంది అన్నదే అసలు కొలత. చేద్దామంటే నేను తోడుంటాను. మా మూడెకరాలు ఇంకా ఉన్నాయి. నాట్లకు ముందు, వాన పడిన రెండోనాడు రండి, కడ్డీ నేను తెస్తాను. పడమటి మూల మాత్రం చివర్లో కొలుద్దాం.